షియాన్ మట్టి సైన్యాన్ని చూసి రావడం ఎలా?

చైనా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. మట్టి సైనికులను చూడటానికి టికెట్టు ఎక్కడ తీసుకోవాలి? షియాన్ నగరం నుంచి ఎలా వెళ్లాలి? పూట చాలుతుందా, రోజంతా కావాలా? శాకాహారం దొరుకుతుందా? వీటన్నింటికీ కింద వరుసగా జవాబులు రాశాను. ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది, నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది అదే: అక్కడికి వెళ్లాక దేన్ని, ఎలా చూడాలి? అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి, సైనికులున్న మొదటి గుంత ముందు జనంలో నిలబడి ఫొటో తీసుకుని ముప్పావు గంటలో బయటికి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లు చూసింది బొమ్మలను మాత్రమే. చూడవలసింది తవ్విన నేలను కూడా.

చరిత్ర ఈ మాత్రం తెలిస్తే చాలు. చైనాను క్రీ.పూ. 221లో ఏకం చేసిన చిన్ షి హువాంగ్ క్రీ.పూ. 210లో చనిపోయాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు చెక్కిన తర్వాత ఒకటి రెండు తరాలకు జరిగిన సంగతి ఇది. అతని సమాధికి తూర్పున సుమారు కిలోమీటరున్నర దూరంలో, కాల్చిన మట్టితో చేసిన సైన్యాన్ని నేలలో పూడ్చిపెట్టారు. 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతుల గునపాలకు ఆ ముక్కలు తగిలాయి. 1979లో అక్కడే మ్యూజియం తెరిచారు, 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మూడు గుంతల్లో కలిపి సుమారు 8 వేల బొమ్మలు ఉంటాయని అంచనా. వాటిలో చాలా భాగం ఇంకా మట్టి కిందే ఉన్నాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- పర్యాటక వీసా. చైనాలో 240 గంటల వరకు వీసా లేకుండా ఆగే సౌకర్యం ఉందని విని కొందరు ఆశపడుతున్నారు. భారతీయ పాస్‌పోర్టుకు అది వర్తించదు. అమెరికా పాస్‌పోర్టున్న తెలుగువాళ్లకు వర్తిస్తుంది, అదీ అక్కడి నుంచి మూడో దేశానికి వెళ్లే టికెట్టు చేతిలో ఉంటేనే.
- అసలు పాస్‌పోర్టు. జిరాక్సు, ఫోనులో ఫొటో పనికిరావు. రైలుకూ మ్యూజియం గేటుకూ అదే కావాలి.
- ఫోనులో అలీపే అనే చైనా చెల్లింపుల యాప్. బయలుదేరే ముందే ఇంటి దగ్గర వీసా లేదా మాస్టర్ కార్డును దానికి జతచేసి, పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి ధ్రువీకరణ పూర్తి చేసుకోండి. రూపే కార్డు, మన యూపీఐ అక్కడ పనిచేస్తాయనుకోకండి. 200 యువాన్లు దాటిన చెల్లింపుకు విదేశీ కార్డు మీద 3 శాతం రుసుము పడుతుంది. చేతిలో కొంత నగదు కూడా ఉంచుకోండి.
- మన దేశపు సిమ్ మీద రోమింగ్ డేటా. హోటల్ వైఫైలో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. రోమింగ్‌లో మామూలుగా పనిచేస్తాయి. దారి చూసుకోవడానికి మాత్రం ఆమ్యాప్ అనే చైనా మ్యాపు దించుకోండి. గూగుల్ మ్యాపు అక్కడ గుర్తులను పక్కకు జరిపి చూపిస్తుంది.
- చిన్న బైనాక్యులర్. దీన్ని ఎవరూ తీసుకెళ్లరు, అందరికీ అవసరమయ్యేది ఇదే. గుంతలు సుమారు 5 మీటర్ల లోతున ఉంటాయి. కళ్లద్దాలున్నా ముఖాల తీరు అంత దూరానికి ఆనదు.
- పవర్ బ్యాంకు మీద 3సి ముద్ర, అంటే చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు. 2025 జూన్ 28 నుంచి చైనా లోపల తిరిగే విమానాల్లో ఈ ముద్ర లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు. మన దగ్గర కొన్నవాటి మీద ఇది సాధారణంగా ఉండదు. బీజింగ్ నుంచి విమానంలో వెళ్లేటట్లయితే ఇక్కడిది ఇక్కడే వదిలి, అక్కడ ఒకటి కొనుక్కోండి.

1. తేదీ ఎంచుకోండి

అక్టోబరు 1 నుంచి 7 వరకు వచ్చే జాతీయ దినోత్సవ సెలవులు, మే మొదటి వారం, చైనా కొత్త సంవత్సరం సెలవులు, ఈ మూడింటినీ తప్పించండి. దేశం మొత్తం ప్రయాణంలో ఉండే రోజులవి. ఏప్రిల్ మొదట్లో వచ్చే పితృదేవతల పండుగ సెలవులూ అంతే. జూలై, ఆగస్టుల్లో ఎండ మన కోస్తా ఎండకు తీసిపోదు, పైగా బడి సెలవులు. ఏప్రిల్ రెండో సగం, అక్టోబరు చివర, నవంబరు మొదట్లో వెళ్లగలిగితే మేలు. శని, ఆదివారాలు వద్దు.

2. టికెట్టు ముందే తీసుకోండి

పెద్దవాళ్లకు 120 యువాన్లు. గుంతలున్న మ్యూజియం, సమాధి దిబ్బ ఉన్న లీషాన్ ఉద్యానం, రెండింటికీ ఇదే టికెట్టు. రెంటి మధ్య తిరిగే బస్సు కూడా ఇందులోనే. పేరు, పాస్‌పోర్టు నంబరు ఇచ్చి తీసుకోవలసిన టికెట్టు ఇది. అక్కడికి వెళ్లి వరుసలో నిలబడి కొనవచ్చులే అనుకుంటే రద్దీ రోజుల్లో తిరిగి రావలసి వస్తుంది.

మ్యూజియం సొంత బుకింగ్ వీచాట్ అనే చైనా యాప్‌లో ఉంటుంది, చైనీస్ రానివాళ్లకు కాస్త కష్టం. ట్రిప్ డాట్ కామ్ లాంటి యాప్‌లో తీసుకోవడం సులువు, కొద్దిగా ఎక్కువ పడవచ్చు. ఎక్కడ తీసుకున్నా టికెట్టు మాత్రమే తీసుకోండి. ‘టికెట్టు, బస్సు, గైడు, భోజనం’ అని చౌకగా కనిపించే ప్యాకేజీల్లో చాలావాటికి జేడ్ రాళ్ల దుకాణమో, బొమ్మల కర్మాగారమో దారిలో తప్పనిసరి మజిలీ. మీ పొద్దు అక్కడే కరిగిపోతుంది.

జాగ్రత్త: తెలుగువాళ్ల పేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే. ఇంటిపేరు ఒక అక్షరంగా ఉన్నవాళ్లు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, మూడు నాలుగు మాటల పేరున్నవాళ్లు తోచినట్టు నింపకూడదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి. పై వరుసలో పేరు ఏ క్రమంలో ఉందో అదే క్రమంలో ఇవ్వండి. నంబరులో ఒక్క అంకె కూడా తప్పకూడదు. పాస్‌పోర్టు ఈ మధ్యే కొత్తది తీసుకున్నవాళ్ల యాప్‌లో పాత నంబరు దానంతటదే వచ్చి కూర్చుంటుంది, అది ప్రత్యేకంగా చూసుకోండి.

సరిచూసుకోండి: టికెట్టు వచ్చాక తేదీ, ఉదయమా మధ్యాహ్నమా, నంబరు, ఈ మూడూ పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చదవండి. ఇంటిల్లిపాదికీ తీసుకుంటే ఒకరి నంబరు మరొకరికి పడిందేమో చూడండి.

3. షియాన్ చేరండి

బీజింగ్ పశ్చిమ స్టేషన్ నుంచి షియాన్ ఉత్తర స్టేషన్‌కు వేగ రైలులో నాలుగున్నర నుంచి ఆరు గంటలు. షియాన్‌లో పాత రైల్వే స్టేషన్ వేరు, ఉత్తర స్టేషన్ వేరు, రెండూ దూరం దూరంగా ఉంటాయి. తిరుగు టికెట్టు ఏ స్టేషన్ నుంచో చూసుకోండి.

హోటల్ నగరం నడిబొడ్డున ఉన్న బెల్ టవర్ చుట్టుపక్కల తీసుకుంటే మెట్రో దగ్గర. విదేశీయుల వివరాలు పోలీసులకు హోటల్‌వాళ్లే పంపుతారు. అక్కడ చదువుకుంటున్న పిల్లల గదిలోనో బంధువుల ఇంట్లోనో దిగితే ఆ పని మీరే చేయాలి: 24 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో నమోదు.

4. నగరం నుంచి గుంతల దాకా

స్థలం నగరానికి తూర్పున లిన్‌తోంగ్ జిల్లాలో ఉంది. నేను చెప్పే దారి మెట్రో. ఒకటో లైనులో ఫాంగ్‌జిచెంగ్ దాకా వెళ్లి, అక్కడ తొమ్మిదో లైనుకు మారి, హువాచింగ్‌చి స్టేషన్‌లో దిగండి. సి అనే ద్వారం నుంచి బయటికి వస్తే 613 నంబరు బస్సు దొరుకుతుంది. బెల్ టవర్ దగ్గర రెండో లైను ఎక్కినవాళ్లు బెయ్‌దాజియె స్టేషన్‌లో ఒకటో లైనుకు మారాలి. మొత్తం గంటన్నర అనుకోండి. నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే అలీపేలోనే ఉండే దీదీ టాక్సీ నేరుగా పిలుచుకోవచ్చు. గమ్యం చైనీస్ అక్షరాల్లో పెట్టండి. నోటితో చెప్పవలసి వస్తే ‘బింగ్ మా యోంగ్’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

ఇక్కడ మోసాలు మూడు రకాలు. నేను చెప్పేవాటిలో ఏ ఒక్కదానికైనా తలూపితే ఆ రోజు పోయినట్టే.

- స్టేషన్ బయట ‘మట్టి సైనికుల బస్సు ఇదే’ అని చేయి పట్టుకుని లాగేవాళ్లు. అసలు బస్సులో ఎవరూ మిమ్మల్ని పిలవరు. నంబరు చూసి మీరే ఎక్కాలి.
- ‘ఇవాళ మ్యూజియం మూసేశారు, ఇంకో మంచి చోటు చూపిస్తాను’ అనేవాళ్లు.
- ‘భూగర్భ రాజప్రాసాదం చూపిస్తాం, చక్రవర్తి సమాధి లోపలికి తీసుకెళ్తాం’ అనేవాళ్లు. సమాధిని ఇంతవరకు ఎవరూ తవ్వలేదు. లోపల పాదరసపు నదులున్నాయని చరిత్రకారుడు సిమా చియన్ రాశాడు, దిబ్బ మట్టిలో పాదరసం మామూలుకన్నా ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలింది. మీకు చూపించే ప్రాసాదం ఏదైనా ఈ కాలంలో కట్టిన నమూనా.

హువాచింగ్‌చి అనేది మెట్రో స్టేషన్ పేరు మాత్రమే కాదు, పక్కనే ఉన్న పాత రాజోద్యానం పేరు కూడా. అది వేరే చోటు, దానికి వేరే టికెట్టు. స్టేషన్ బయట జనం అటు వెళ్తున్నారని వెంట నడవకండి.

5. గేటు దగ్గర

మ్యూజియం ఉదయం 8:30కి తెరుస్తారు. ఆ వేళకు గేటు దగ్గర ఉండటానికి నగరంలో ఏడింటికల్లా బయలుదేరాలి. గైడు కావాలంటే మ్యూజియం సొంత కౌంటర్‌లో అడగండి, దారిలో మెడలో కార్డు వేసుకుని పలకరించేవాళ్లతో మాట కలపవద్దు. ఇంగ్లిష్ ఆడియో గైడు కూడా అద్దెకు దొరుకుతుంది. మీ వేగంతో మీరు చూడాలనుకుంటే నా ఓటు దానికే. గేటు నుంచి గుంతల దాకా చాలా దూరం నడక, కావాలంటే డబ్బు కట్టి బ్యాటరీ బండి ఎక్కవచ్చు.

6. గుంతలను చూడండి

తెరిచిన వేళకే లోపలికి వెళ్లగలిగితే నేరుగా మొదటి గుంతకు నడవండి, పర్యాటక బృందాలు రాకముందు ఆ అరగంట వెల కట్టలేనిది. పది దాటాక వెళ్లినవాళ్లు క్రమం తిప్పండి: మూడో గుంత, రెండో గుంత, చివర మొదటిది.

మొదటి గుంత. పొడవు 230 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. ముందు వైపు జనం నాలుగైదు వరుసలు కట్టి ఉంటారు. తోసుకుని ముందుకు వెళ్లాలని చూడకండి. పక్కల వెంట నడవండి, సైనికులు అక్కడ ఇంకా దగ్గరగా కనిపిస్తారు, జనమూ పలచబడతారు. నడుస్తూ వీటిని వెతకండి:

- సైన్యం చూపు తూర్పుకు. ఫోనులో దిక్సూచి తెరిచి చూడండి. ఇప్పుడు రెండు పక్కల అంచు వరుసలను గమనించండి: ఉత్తరపు అంచువాళ్లు ఉత్తరానికి, దక్షిణపు అంచువాళ్లు దక్షిణానికి తిరిగి ఉంటారు. పక్కల నుంచి శత్రువు వస్తే కాచుకోవడానికి పెట్టిన కాపలా అది.
- ముందున్న మూడు వరుసల్లో చాలామందికి కవచం లేదు. బాణాలు వేసి పక్కకు తప్పుకోవలసినవాళ్లు, తేలికగా ఉండాలి.
- చేతులు దేన్నో పట్టుకున్నట్టు బిగించి ఉంటాయి, లోపల ఏమీ ఉండదు. కర్ర పిడులు పుచ్చిపోయాయి, కంచు ఆయుధాలు చాలావరకు మాయమయ్యాయి.
- వరుసల మధ్య మట్టి గోడల పైభాగం అలలు అలలుగా ఉంటుంది. దాని మీద పరిచిన దూలాలు కుళ్లిపోయి, మట్టి కుంగి మిగిలిన ఆనవాలు అది. కొన్నిచోట్ల మట్టి ఎర్రగా కాలి ఉంటుంది. గుంత ఒకప్పుడు తగలబడింది.
- రైతులు తవ్విన బావి ఎక్కడుందో చెప్పే గుర్తు ఒక మూలన ఉంది. అది అంచును తాకింది. ఇంకొన్ని అడుగులు పక్కకు తవ్వి ఉంటే ఏమీ తగిలేది కాదు.
- వెనుక భాగానికి తప్పకుండా వెళ్లండి. ముక్కలు అతుకుతున్న బొమ్మలు అక్కడ కట్లతో, నంబరు చీటీలతో నిలబడి ఉంటాయి. దొరికినప్పుడు దాదాపు అన్నీ ముక్కలే. ముందు వైపు నిలబడినవన్నీ ఇలా ఒక్కొక్క ముక్కగా కూర్చినవే అని ఇక్కడ చూస్తేనే మనసుకు పడుతుంది.

మూడో గుంత. చిన్నది, దాన్ని సేనాధిపతి స్థావరం అంటారు. నాలుగు గుర్రాల రథం, 68 మంది సైనికులు. చాలామందికి తలల్లేవు. ఇక్కడివాళ్లు తూర్పుకు చూడరు, కాపలావాళ్లలా ఎదురెదురుగా నిలబడి ఉంటారు. పావుగంట చాలు.

రెండో గుంత. లోపలికి రాగానే ‘ఇక్కడేమీ లేదే’ అని వెనుదిరిగేవాళ్లను ఎప్పుడు వెళ్లినా చూస్తారు. ఎక్కువ భాగం తవ్వలేదు, కూలిన పైకప్పు దూలాల ముద్రలు మాత్రమే పరుచుకుని ఉంటాయి. కానీ సైనికులను అడుగు దూరం నుంచి చూడగలిగేది ఈ గుంతలోనే. గాజు పెట్టెల్లో విడివిడిగా నిలబెట్టారు: మోకాలి మీద కూర్చున్న విలుకాడు, నిలబడిన విలుకాడు, సేనాని, మధ్య స్థాయి అధికారి, గుర్రం పక్కన రౌతు. ఇక్కడ కనీసం అరగంట గడపండి.

అందులోనూ మోకాలి మీద కూర్చున్న విలుకాడి వెనక్కి వెళ్లి, కిందికి వంగండి. మడిచిన కుడికాలి చెప్పు అడుగు మీ కళ్ల ముందుంటుంది. దాని మీద కుట్టు పోగులను ఒక్కొక్కటిగా చెక్కారు: వేళ్ల దగ్గర దగ్గరగా, మధ్యలో పలచగా, మడమ దగ్గర మళ్లీ దగ్గరగా. ఎక్కువ అరిగే చోట కుట్టు గట్టిగా ఉండాలని తెలిసిన చేయి అది. చీకటి గుంతలో పూడ్చే బొమ్మ అరికాలు ఎవరు చూస్తారని అనుకోలేదు ఆ మనిషి. తర్వాత వీపు చూడండి. కవచం పలకలను కలిపే దారాల మీద ఎర్ర రంగు ఇంకా మిగిలి ఉంది. కూర్చున్నవాడు కాబట్టి పైకప్పు కూలినప్పుడు దెబ్బ ముందు నిలబడ్డవాళ్లకు తగిలింది, ఇతను దక్కాడు.

సైనికులందరికీ ఒకప్పుడు రంగులున్నాయి. మట్టి మీద లక్క పూత, దాని మీద రంగు. తవ్వి బయటికి తీయగానే పొడి గాలికి ఆ లక్క ఎండలో పెట్టిన అప్పడంలా ముడుచుకుని నిమిషాల్లో ఊడిపోతుంది. మిగతా గుంతలను తొందరపడి తవ్వకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ‘ఇంకా ఎందుకు తవ్వలేదు, నిర్లక్ష్యం’ అని విసుక్కునేవాళ్లకు ఈ మాట చెప్పండి.

హోదా గుర్తుపట్టడం ఇలా: జుట్టు కుడివైపు కొప్పు ముడిచి ఉంటే మామూలు సైనికుడు. తల మీద చదునైన టోపీ ఉంటే అధికారి. రెండు కొమ్ముల్లా లేచిన టోపీ, ఛాతీ మీద రిబ్బను ముడులు ఉంటే సేనాని, దొరికినవాళ్లు చాలా కొద్దిమందే. గడ్డం కింద ముడివేసిన చిన్న టోపీ రౌతుది. చేతులు ముందుకు చాచి ఉంటే పగ్గాలు పట్టిన సారథి.

నమ్మకూడని మాట: ‘కత్తులకు రెండువేల ఏళ్ల కిందటే క్రోమియం పూత వేశారు’ అని గైడ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఆయుధాల మీది క్రోమియం పక్కనున్న లక్క నుంచి అంటుకున్నదని 2019లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ కత్తులు గొప్పవే, వాటికి ఈ కథ అవసరం లేదు.

ఫొటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ వద్దు. ఫోను రెయిలింగ్ అవతలికి చాచకండి, జారితే తీసివ్వడం కుదరని చోటు.

7. లీషాన్ ఉద్యానాన్ని వదలకండి

ఎక్కువమంది చేసే తప్పు ఇదే. గుంతలు చూసి, దుకాణాల వీధి గుండా నేరుగా బస్సు ఎక్కేస్తారు. 1980లో సమాధి దిబ్బ పడమటి పక్కన దొరికిన రెండు కంచు రథాలు ఇప్పుడు ఉన్నది ఉద్యానంలోని ప్రత్యేక మ్యూజియంలో, 2021లో తెరిచారు. పాత వివరాలు చదివి వెళ్లినవాళ్లు గుంతల దగ్గర వెతికి, లేవనుకుని వచ్చేస్తున్నారు. నిజమైన రథంలో సగం కొలతతో, రెండో రథం ఒక్కటే మూడువేలకు పైగా భాగాలతో చేశారు. గుర్రాల తలకట్టు గొలుసులను బైనాక్యులర్‌తో చూడండి.

ఉచిత బస్సు ఎక్కి వెళ్లండి, పాస్‌పోర్టు మళ్లీ చూపించాలి. రెండు గంటలు కేటాయించండి. అక్కడే అధికారుల బొమ్మలున్న గుంత, విన్యాసకారుల బొమ్మలున్న గుంత కూడా ఉన్నాయి. వాటిలో జనం ఉండరు. సమాధి పైకి చూస్తే చెట్లున్న మట్టి దిబ్బ, అంతే. అదే చూడాలి.

8. భోజనం

ఉదయమే కడుపు నిండా తిని, బిస్కెట్లు, పండ్లు, నీళ్లు వెంట ఉంచుకోండి. గేటు బయట దొరికేవాటిలో ఖరీదు ఎక్కువ, రుచి తక్కువ. శాకాహారులు ఫోనులోని అనువాద యాప్‌తో ‘మాంసం, చేప, గుడ్డు, మాంసపు రసం, పంది కొవ్వు ఏవీ వద్దు’ అని చైనీస్‌లో రాయించుకుని ఫొటోగా దాచుకోండి. మాంసం వద్దంటే ముక్కలు తీసేసి అదే రసం పోసి ఇవ్వడం అక్కడ మామూలు, అందుకే అన్నీ విడివిడిగా రాయించాలి. చల్లగా, కారంగా ఇచ్చే లియాంగ్‌పి అనే సేమ్యా లాంటి వంటకం సాధారణంగా మాంసం లేకుండానే ఉంటుంది, మన నాలుకకు నచ్చుతుంది. పంది మాంసం మాత్రమే తినని వాళ్లకు బెల్ టవర్ పక్కన ముస్లిం వీధి నిశ్చింత.

సరిగ్గా చూశారా? తేల్చుకోండి

గుంతల ప్రాంగణం నుంచి బయటికి వచ్చే ముందు నీడలో కూర్చుని ఫొటోలు తిరగేయండి. వాటిలో ఒక సైనికుడు, ఒక అధికారి, ఒక సేనాని, ఒక రౌతు విడివిడిగా కనిపించాలి. చెప్పు అడుగు ఉండాలి. కాలిన ఎర్ర మట్టి ఉండాలి. లీషాన్ నుంచి బయలుదేరేటప్పుడు కంచు రథం కూడా ఉండాలి. గుంపు ఫొటోలే ఉంటే టైమ్ చూసుకుని రెండో గుంతకు తిరిగి వెళ్లండి. ప్రాంగణం దాటి బయటికి వచ్చేస్తే అదే టికెట్టుతో మళ్లీ లోపలికి రావచ్చని ఆశపెట్టుకోవద్దు.

ఇంకొక రోజు చేతిలో ఉంటే

నగరంలోనే పెద్ద బాతు గోపురం ఉంది. హువాన్ త్సాంగ్ భారతదేశం నుంచి తీసుకెళ్లిన బౌద్ధ గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టారు. మన ధాన్యకటకం చూసి, దాని గురించి రాసిపెట్టిన యాత్రికుడే ఆయన. అమరావతి స్తూపం దగ్గర ఒకసారైనా నిలబడ్డ తెలుగువాళ్లు ఈ గోపురం చూడకుండా రాకూడదని నా కోరిక. అక్కడికి దగ్గరలోనే షాన్‌షీ చరిత్ర మ్యూజియం. ప్రవేశం ఉచితం కాబట్టి బుకింగ్ తెరిచిన వెంటనే చోటు నిండిపోతుంది, సోమవారాలు సెలవు. గుంతలకు టికెట్టు తీసుకునే రోజునే దీనికీ ప్రయత్నించండి. సోమవారం గుంతలకు పెట్టుకుని, మంగళవారం నగరానికి ఉంచుకుంటే రెండూ కలిసొస్తాయి.